పాత గదిలో మోగిన ఫోన్

బిల్డు మళ్ళీ ఎర్రబడింది. పొద్దున్నించీ ఇదే వరస. ఒకసారి పచ్చ, ఒకసారి ఎరుపు, మళ్ళీ పచ్చ, మళ్ళీ ఎరుపు. వకుళ తల పట్టుకుని కూర్చుంది.

ఇది ఇప్పటి మాట కాదు లెండి. విశాఖపట్నంలో సముద్రం పక్క కొండ మీద సాఫ్ట్‌వేర్ ఆఫీసులు అప్పుడప్పుడే వెలుస్తున్న రోజులు. కిటికీ తీస్తే ఉప్పుగాలి వచ్చి కీబోర్డు మీద జిగురులా పట్టేసేది. జేబుల్లో సెల్‌ఫోన్లు వచ్చేసినా, బల్ల మీద లాండ్‌లైన్ ఫోన్ ఉన్నవాళ్ళకే ఆఫీసులో పరువు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే ఎవరి కూర ఎవరి కంచంలోకి వెళ్ళిందో చెప్పడం కష్టం. ఇప్పుడా ఆఫీసు లేదు, ఆ జట్టూ లేదు. తలో దిక్కుకీ చెదిరిపోయారు. అయినా ఆ జట్టులోవాళ్ళు ఇద్దరు ఎక్కడ ఎదురుపడినా నూకరాజు గారి ఊసెత్తకుండా విడిపోరు.

బిల్డంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. జట్టులో ఎవరు కోడు మార్చినా, బిల్డు మెషీను దాన్ని తీసుకుని మొత్తం ప్రోగ్రాముని మొదటినుంచీ కట్టేది. దాన్ని నడిపించే అప్లికేషన్ సర్వర్ని లేపి, పరీక్షలన్నీ నడిపేది. అన్నీ పాసైతే హాల్లో పచ్చ బల్బు వెలిగేది, ఒక్కటి తప్పినా ఎర్ర బల్బు. ఎవరి మార్పు వల్ల ఎరుపు వెలిగిందో వాళ్ళు సాయంత్రం బీచి నుంచి అందరికీ మరమరాల మురీ మిక్చరు తేవాలి. అదీ అక్కడి ఆచారం. ఉల్లిపాయలు ఎక్కువ వేయించి, నిమ్మకాయ బాగా పిండించి తేవాలి. ఏడిపించుకుంటూ తినేవాళ్ళు గానీ, ఆ మిక్చరు రుచి తర్వాత ఏ ఊళ్ళోనూ దొరకలేదంటారు.

వకుళది అనకాపల్లి. చురుకైన పిల్ల, మాట కూడా చురుకే. బిల్డు మెషీను బాధ్యతంతా ఆమెదే. అందరూ బిల్డు వకుళ అనేవాళ్ళు, అలా పిలిస్తే ఆమెకి లోలోపల మహా సంబరం. మేనేజరు దామోదర్ గారికయితే ఆమె మాట వేదవాక్కు.

ఆమెకి ఆ పని నేర్పింది నూకరాజు గారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఏళ్ళ తరబడి పనిచేసి, తర్వాత కంప్యూటర్లు నేర్చుకుని ఇటొచ్చిన మనిషి. జట్టులో అందరికన్నా పెద్దాయన. పొట్టి చేతుల చొక్కా, జేబులో మెంతుల పొట్లం. చక్కెర జబ్బుకి రోజంతా అవే నములుతూ ఉండేవారు. చేతులు వెనక్కి కట్టుకుని మన కుర్చీ వెనక నిలబడేవారు. ఎంత బతిమాలినా మన కీబోర్డు మీద వేలు పెట్టేవారు కాదు. ఫలానాది పాడైంది సార్ అంటూ పరిగెత్తుకుని వెళ్తే, చూశావా, అనుకున్నావా అని అడిగేవారు. చాలామంది అక్కడికక్కడే వెనక్కి తిరిగిపోయేవాళ్ళు.

మెషీను తను చేసిన ప్రతి పనీ రాసుకుంటూ పోతుంది, దాన్ని లాగ్ అంటారు. వకుళ చేరిన కొత్తలో ఆయన ఒక లాగ్ తెరిపించి, మొదటి వరస నుంచి పైకి చదవమన్నారు. ఆమె నోరెండిపోయేదాకా చదివింది. ఎర్రరు చివర్నే ఉంటుంది కదా సార్, ఇదంతా ఎందుకూ అని గొణిగింది కూడా. లాగ్‌ని చివర్నించి చదివేవాళ్ళని ఆయన పాయసంతో భోజనం మొదలెట్టినవాళ్ళని చూసినట్టు చూసేవారు. ఏమీ అనేవారు కాదు. ఆ చూపు చాలు, మళ్ళీ పైనుంచి మొదలెట్టాల్సిందే.

ఇక అసలు సంగతి. వాళ్ళు కడుతున్నది ఒక విదేశీ బీమా కంపెనీ ప్రోగ్రాము. పాలసీ అర్జీ ఒక్కోటీ ఒక మెసేజీగా వరసలోకి, అంటే క్యూలోకి వెళ్ళాలి. అప్లికేషన్ సర్వర్లో లిజనర్ అని ఒక చిన్న ప్రోగ్రాము కూర్చుని ఉంటుంది. అది మెసేజీని అందుకుని జవాబు పంపాలి. బిల్డు మెషీనులో ఆ పరీక్షే తప్పుతోంది. మెసేజీ అందలేదు, గడువు ముగిసింది అని ఎర్రరు. పోనీ ప్రతిసారీ తప్పుతుందా అంటే అదీ లేదు. ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. అలాంటి జబ్బుని పట్టుకోవడం బ్రహ్మతరం కూడా కాదు.

ఆ లిజనర్ రాసింది సత్యవేణి. పార్వతీపురం నుంచి వచ్చిన కొత్త పిల్ల, నోట్లో నాలుక లేని మనిషి. ఏ చిన్న విషయం తెలిసినా పుస్తకంలో రాసుకునేది. ఆమె కోడు చేరిన వారంలోనే జట్టు కింది అంతస్తు నుంచి పైకి మారింది, ఆ వారంలోనే ఎరుపు మొదలైంది. కొత్త గది మీదకి ఎవరి అనుమానమూ పోలేదు, కొత్త పిల్ల మీదకే పోయింది. ఎర్రరులో కనిపించేది కూడా ఆమె లిజనర్ పేరే. ఇక రోజూ సాయంత్రం మిక్చరు తేవడం ఆమె వంతయిపోయింది. కిక్కురుమనకుండా తెచ్చేది. తను మాత్రం తినేది కాదు.

నా మెషీనులో బాగానే నడుస్తోంది అక్కా అని ఒకసారి మెల్లిగా చెప్పింది. ఆ మాటంటే సాఫ్ట్‌వేరు వాళ్ళకి ఎంత లోకువో తెలిసిందే. అందరూ పకపకా నవ్వారు, వకుళ అందరికన్నా ముందు నవ్వింది. సత్యవేణి మళ్ళీ నోరెత్తలేదు.

వకుళ ఊరికే కూర్చోలేదు, పాపం ఆ మాట చెప్పుకోవాలి. సర్వరు పూర్తిగా లేవకముందే పరీక్ష మొదలవుతోందేమోనని గడువు పెంచింది. క్యూలో పాత మెసేజీలు మిగిలాయేమోనని ఊడ్చేసింది. సర్వర్ని తీసేసి మళ్ళీ పెట్టింది. ఎవరో బిల్డు మెషీనుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. దిష్టి పోయిందేమో గానీ ఎరుపు పోలేదు. క్లయింటు వాళ్ళు రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారు. చివరికి ఓపిక నశించి, ముందురోజు పొద్దున అందరూ హాల్లో నిలబడి మాట్లాడుకునే వేళ వకుళ అనేసింది. తప్పు సత్యవేణి రాసిన దాంట్లోనే ఉంది, ఈ పని ఆమె వల్ల కాదు, వేరేవాళ్ళకి ఇస్తేనే గట్టెక్కుతాం అని.

దామోదర్ గారు మర్నాడు నాలుగింటికి తేలుద్దామన్నారు. సత్యవేణికి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఈ ప్రాజెక్టు నుంచి తీసేస్తే తిన్నగా ఇంటికే. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు, వకుళకీ తెలుసు.

ఆ మర్నాడే ఇది. భోజనాలయ్యాక వకుళ నూకరాజు గారి బల్ల దగ్గరికి వెళ్ళింది. మీటింగులో తన మాటకి పెద్దాయన బలం కూడా తోడైతే బాగుంటుందని ఆమె ఆశ. సత్యవేణి కోడు ఎందుకు పనికిరాదో గడగడా అప్పజెప్పబోయింది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇక్కడ కాదు. కిందికెళ్ళి, రిసెప్షన్ నుంచి నాకు ఫోన్ చేసి చెప్పు."

ఎదురుగా నిలబడి ఉంటే ఫోనేమిటో ఆమెకి అర్థం కాలేదు. అయినా ఆయన చెప్పాక ఎందుకని అడిగే అలవాటు లేదు. మెట్లు దిగి, రిసెప్షన్లో అమ్మాయిని అడిగి ఫోన్ తీసుకుంది. ఆయన నంబరు నొక్కింది. నూకరాజు గారే ఎత్తారు. వకుళ సత్యవేణి పేరెత్తిందో లేదో, మళ్ళీ చెయ్యి అని పెట్టేశారు.

మళ్ళీ చేసింది. ఈసారి వేరే గొంతు పలికింది.

"హలో, ఎవరండీ? నూకరాజు గారా? ఆయనగారు పైకి మారిపోయేరు కదమ్మా. ఇక్కడ లేరు."

అటెండరు సింహాద్రి గొంతది. నంబరు తప్పు నొక్కానేమో అనుకుని వకుళ పెట్టేసింది. జాగ్రత్తగా చూసుకుంటూ మళ్ళీ నొక్కితే నూకరాజు గారు పలికారు. మళ్ళీ చెయ్యి అన్నారు. చేస్తే సింహాద్రి పలికాడు. మళ్ళీ మీరేనా అమ్మా అని అతను జాలిగా అడిగాడు. రిసెప్షన్లో అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకుంటోంది. వకుళకి ఒళ్ళు మండిపోయింది. అవతల తన పరువూ ఇంకొకరి ఉద్యోగమూ తేలే వేళ దగ్గర పడుతుంటే, ఈయనకి ఆటలా అనుకుంది.

దడదడా మెట్లెక్కి వచ్చింది. నూకరాజు గారు మెంతులు నములుతూ కూర్చున్నారు.

"నేను చేసినప్పుడల్లా మీరు ఎత్తట్లేదు సార్."

"మోగింది. నేను ఎత్తేలోగా ఆగింది. ఎవరో అందుకున్నారు."

"కింద మన పాత గదిలో సింహాద్రి ఎత్తాడు. ఇదే లైను అక్కడా ఉంది."

"అక్కడెందుకు ఉంది?"

"మనం మారినప్పుడు ఎవరూ తీయలేదు సార్," అంది వకుళ విసుగ్గా.

నూకరాజు గారు అవునన్నట్టు తలూపి తన స్క్రీను వైపు తిరిగిపోయారు. వకుళ కాసేపు అక్కడే నిలబడింది. తను అన్న మాటే ఆమె చెవిలో తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆమె ముఖం పాలిపోయింది.

ఈసారి మెట్లు మెల్లిగా దిగింది.

పాత గది తలుపు తీసే ఉంది. విరిగిన కుర్చీలు, ఖాళీ అట్టపెట్టెలు. మూల స్టూలు మీద ఫోను, పక్కనే సింహాద్రి. గదిలో సామాను పోకుండా చూడమని అతన్ని అక్కడ కూర్చోబెట్టారు. వకుళని చూసి లేచాడు. ఫోన్లో మీకేనా ఇబ్బందయ్యింది అని అడిగాడు. ఆమె వినిపించుకోలేదు. కుర్చీల వెనక నుంచి సన్నగా ఫ్యాను చప్పుడు వస్తోంది.

పాత బిల్డు మెషీను. దుమ్ము పడకుండా దానికి గుడ్డ కప్పింది తనే. పైన పెట్టిన కొత్తదాని మీద నమ్మకం కుదిరేదాకా ఇది కూడా నడవనీ, ఎందుకైనా మంచిది అని వదిలేసింది కూడా తనే. తర్వాత మీద పడ్డ పనుల్లో మరిచిపోయింది. దాని మీద సింహాద్రి తడి తువ్వాలు ఆరేసుకున్నాడు. వెచ్చగా ఉంటాదమ్మా, తొందరగా ఆరిపోద్ది అని సిగ్గుపడుతూ తీసేశాడు.

వకుళ నేల మీదే కూర్చుని లాగ్ తెరిచింది. మొదటినుంచీ చదివింది. ఆ రోజుల్లో పైన అందలేదని గోలపెట్టిన మెసేజీలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. క్యూ ఒక్కటే, దాన్ని వింటున్న సర్వర్లు రెండు. ఒక మెసేజీ పైనున్న మెషీనుకి పోయేది, తర్వాతది కింద ఈ పాతదానికి. పాత కోడుకి దాన్నేం చేయాలో తెలియక అందుకుని ఊరుకునేది. పైన ఎర్ర బల్బు వెలిగేది. సత్యవేణి బీచికి పోయి మిక్చరు కట్టించుకొచ్చేది.

సత్యవేణి మెషీనులో అన్నీ విడిగా ఉంటాయి, అక్కడ బాగానే నడుస్తుంది మరి. ఆ పిల్ల నిజమే చెప్పింది.

సిగ్గుతో వకుళ చెవులు వేడెక్కాయి. చుట్టూ చూసింది. సింహాద్రి తువ్వాలు మడతపెట్టుకుంటున్నాడు. అతనికి ఇదేమీ పట్టదు. మెషీను సంగతి ఇంకెవరికీ తెలియదు. సర్వరు ఆపేసింది. స్విచ్చి కూడా నొక్కేసింది. ఫ్యాను చప్పుడు మెల్లిగా తగ్గి ఆగిపోయింది.

పైకొచ్చి బిల్డు నడిపింది. పచ్చ. మళ్ళీ నడిపినా పచ్చే. హాల్లో ఒక్కొక్కరే లేచి వచ్చి బల్బు కింద నిలబడ్డారు. ఎన్నిసార్లు నడిపినా పచ్చగానే ఉండేసరికి చప్పట్లు మొదలయ్యాయి. దామోదర్ గారు గదిలోంచి బయటికొచ్చి, నువ్వు పట్టుకుంటావని నాకు తెలుసమ్మా అన్నారు. సత్యవేణి కోడు తీసేశావా అని ఎవరో అడిగారు. వకుళ అవుననలేదు, కాదనలేదు. మీటింగులో చెప్తాలే అంది.

ఏం చెప్పాలో అప్పటికే లోలోపల అల్లుకుంటోంది. మెషీన్లు సర్దుతుంటే ఒక సెట్టింగు సరయింది, అంతే. అందులో అబద్ధమేముంది. బల్బు పచ్చగా ఉన్నాక ఎందుకు పచ్చబడిందని ఎవరడుగుతారు. సత్యవేణికి ఇంకెక్కడైనా పని చూడమని తనే దామోదర్ గారికి ఒక మాట చెప్పొచ్చు. అలా అనుకుంటుంటే మనసు కాస్త కుదుటపడ్డట్టే ఉంది.

అంతలో సత్యవేణే వచ్చింది. పుస్తకం గుండెకి ఆనించుకుని, కుర్చీ పక్కన నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"వకుళక్కా, నేను ఎక్కడ తప్పు చేశానో చెప్తారా? ఇక్కడ ఉంచకపోయినా పర్లేదు. ఇంకో చోట మళ్ళీ చేయకుండా నేర్చుకుంటాను."

తర్వాత చెప్తాను అంది వకుళ. సత్యవేణి తలూపి వెళ్ళిపోయింది. కొంచెం కూడా కోపం లేదు ఆ పిల్ల ముఖంలో. కోపం ఉంటే బాగుండేదనిపించింది వకుళకి.

మీటింగుకి అందరూ కదులుతున్నారు. ఆమె నూకరాజు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పాత గదికి పోయే ఫోను తీగ ఊడదీసి చేతికి చుట్టుకుంటున్నారు.

"ఆపేశాను సార్. ఇంక మెసేజీలు వేరేచోటికి పోవు."

"మంచిది," అన్నారు ఆయన.

ఇంకేమైనా అంటారేమోనని ఆగింది. తిట్టినా బాగుండేది. ఆయన తీగ చుట్టడం పూర్తిచేసి, సొరుగులో పెట్టి, అప్పుడు తలెత్తి చూశారు.

"నిన్న పొద్దున హాల్లో ఒక మాట అన్నావు. అది ఎవరెవరికి అందింది?"

వకుళ హాలు వైపు చూసింది.

"అందరికీ సార్," అంది.

"మెషీనుకైతే స్విచ్చి ఉందమ్మా," అన్నారు నూకరాజు గారు. కళ్ళజోడు తుడుచుకుని మీటింగుకి బయల్దేరారు.

వకుళ ఆయన వెనకే వెళ్ళింది. దామోదర్ గారు తన పక్క కుర్చీ చూపించి నవ్వారు. గదిలో అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి, ఒక్క ముఖం తప్ప. బల్ల చివర సత్యవేణి పుస్తకం తెరిచి, కొత్త పేజీలో తేదీ వేసుకుని, పెన్ను పట్టుకుని ఎదురు చూస్తోంది.

వకుళ కూర్చోలేదు.

"రాసుకోవాల్సింది నువ్వు కాదు సత్యవేణీ," అంది. "పెన్ను ఇలా ఇవ్వు."